చెన్నైలో ఒక ప్రోటీను వెంట

చెన్నైలో ఐదు రోజులున్నాను. సముద్రం చూడలేదు. తిరిగొచ్చాక కనిపించిన ప్రతివాళ్ళూ మొదట అడిగింది అదే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చూసినవి ఇవి: ఒక చీకటి గది, నాలుగు అంతస్తుల చీరల కొట్టు, ఒక ఫ్యాక్టరీ గేటు, షోళింగనల్లూరులో పదకొండో అంతస్తు బాల్కనీ. వీటికోసం ఎవరూ అంత దూరం వెళ్ళరు. నేను వెళ్ళవలసి వచ్చింది.

నేను హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్నాను. నాలుగేళ్ళుగా ఒకే ఒక్క ప్రోటీను వెంట పడుతున్నాను. మన ఒంట్లో కణానికి లోపల కేంద్రకం అనే గది ఉంటుంది. దాని గోడ నిండా సన్నని ద్వారాలు. చిన్న అణువులు వాటిలోంచి వాటంతటవే జారిపోతాయి. పెద్ద ప్రోటీన్లు అలా రాలేవు. వాటిని పట్టుకుని గడప దాటించి, బయట వదిలేసి, మళ్ళీ లోపలికి పోయే మోతగాళ్ళు ఉండాలి. ఆ మోతగాళ్ళలో ముఖ్యమైనదాని పేరు ఎక్స్‌పోర్టిన్. నా ప్రోటీనును బయటికి తెచ్చేది అదేనని మా వాదన.

పరీక్ష చెప్పడానికి సులువు. ఎక్స్‌పోర్టిన్ చేతులు కట్టేసే మందు ఒకటుంది. అది కణాలకు వేస్తే నా ప్రోటీను లోపలికైతే పోతుంది గాని బయటికి రాలేదు. పోయినదంతా కేంద్రకంలో పోగుపడాలి. ప్రోటీనుకు పచ్చగా మెరిసే తోక తగిలించాం కాబట్టి కేంద్రకం పచ్చగా నిండటం కంటికి కనిపిస్తుంది.

ఈ మాటే పేపరుగా రాసి ఒక సైన్సు పత్రికకు పంపాం. పరిశీలకుల్లో ఒకాయన ఒప్పుకోలేదు. ఒకచోట బిగబట్టి చంపిన కణాల ఫోటో చాలదు, బతికున్న కణాల్లో కేంద్రకం నిండుతుండగా సినిమా తీసి చూపించండి, అన్నాడు. జవాబుకు గడువు వచ్చే సోమవారం. ఆ పేపరు లేకపోతే నా థీసిస్ లేదు. మా మైక్రోస్కోపుకు కణాలను ఒంటి వేడిమిలో ఉంచే పెట్టె లేదు. చెన్నైలో ఒక పరిశోధనాలయంలో ఉంది. బుధ, గురు, శుక్రవారాలు, మూడు ఉదయాలు మాకిచ్చారు.

ఇంకొక సంగతి అప్పటికి నాకొక్కడికే తెలుసు. పేపరులో నాలుగో బొమ్మలో పదకొండు కణాలుంటాయి. అన్నిటిలోనూ కేంద్రకం నిండుగా, పచ్చగా ఉంటుంది. కణాలు పెంచిన గిన్నెలో ఫోటో తీసినవి నూటికి పైగా. వాటిలోంచి నేను ఎంచి పెట్టాను. బాగా వచ్చిన బొమ్మ పెట్టడం మా పనిలో అందరూ చేసేదే. మిగతావాటికి మందు సరిగ్గా అందలేదని నాకు నేను చెప్పుకున్నాను. సినిమా తీయమని ఉత్తరం వచ్చిన రోజునుంచి మాత్రం ఒక చోట పది నిమిషాలు కూర్చోలేకపోతున్నాను. సినిమాలో ఎంచుకోవడానికి ఉండదు.

రైలు

కణాలను రైల్లో తీసుకెళ్ళే పద్ధతి ఒకటుంది. చిన్న సీసాలో అవి అడుగున అంటుకుని ఉంటాయి. గులాబీ రంగు పోషకద్రవం గాలి బుడగ మిగలకుండా నిండా పోసి, మూత బిగించి, చుట్టూ సాగే కాగితం చుట్టి, గుడ్డసంచిలో వేసి పొట్టకు కట్టుకోవాలి. ఏసీ బోగీలో మనిషి పొట్టను మించిన వెచ్చని చోటు లేదు. మందు మాత్రం చల్లగా ఉండాలి, కాబట్టి అది ఐసు వేసిన ఫ్లాస్కులో. నా జాబితాలో మొత్తం నలభై మూడు వస్తువులు. సికింద్రాబాదులో రైలు కదిలేలోపు రెండుసార్లు, కదిలాక ఒకసారి సరిచూశాను.

తెల్లారాక గూడూరు దాటింది. ఎదురు బెర్తులో నెల్లూరులో ఎక్కిన పెద్దావిడ నావైపే చూస్తోంది. పెరంబూరులో కూతురింటికి పోతోందట.

"ఏంది నాయనా, నేనెక్కినకాడినించీ పొట్ట పట్టుకోనే ఉండావు. నొప్పా?"

"కాదండీ. లోపల కణాలున్నాయి. వెచ్చగా ఉంచాలి."

"కణాలా?"

"బతికున్న కణాలండీ. ప్రయోగానికి."

ఆవిడ నా సంచివైపు వంగి చూసింది. "కోడి గుడ్లు పొదిగినట్టా?"

"దాదాపు అంతేనండీ."

"మొగబిడ్డవి, నీకెందుకొచ్చిందయ్యా ఈ పని!" అని కొంగు ముడి విప్పి వాము తీసి నా చేతిలో పోసింది. "అయ్యి బతికితే బతకతయ్యి. నువ్వు ఇది నములు. మొకం చూడు, ఎట్ట పీక్కపోయిందో."

నమిలాను. ఒక పావుగంట దేన్నీ సరిచూసుకోలేదు.

చీకటి గది

మైక్రోస్కోపు గదికి అధికారి దామోదరం గారు. అరవైకి దగ్గర్లో ఉంటారు. బయట ముప్పై ఏడు డిగ్రీల ఎండ, ఆయన మెడకు ఉన్ని మఫ్లరు. యంత్రం కోసం గదిని పద్దెనిమిదిలో ఉంచుతారు, ఆయన ముప్పై ఏళ్ళుగా అందులోనే ఉన్నారు. తాతల కాలంలో నెల్లూరు వైపునుంచి వచ్చిన కుటుంబం. ఇంట్లో తెలుగే మాట్లాడతానని, కూతురు మాత్రం అన్నీ అర్థం చేసుకుని తమిళంలో జవాబు చెబుతుందని అన్నారు.

"రా అబ్బయా, ఈడ పెట్టు నీ సంచి. ఆడొద్దు, ఆడ లేజరుండాది," అన్నారు. ఆయనతో నా పరిచయం అలా మొదలైంది.

మంగళవారం కణాలను గాజు అడుగున్న గిన్నెల్లోకి మార్చాను. బాగానే అంటుకున్నాయి. మధ్యాహ్నం క్యాంటీనులో భోజనం అరవై రూపాయలు. గుంటూరులో మా ఇంట్లో అయితే మొదటి ముద్ద పప్పూ ఆవకాయా నెయ్యీ. ఇక్కడ సాంబారుతో మొదలవుతుంది, తరవాత రసం, తరవాత మజ్జిగ. అన్నీ జారిపోయేవే. చేత్తో గట్టి ముద్ద చేద్దామని నేను చూస్తుంటే దామోదరం గారు నవ్వారు. "మీ గుంటూరోళ్ళు అన్నాన్ని సిమెంటు మాదిరి కలపతారు పా. ఈడ ఏరు మాదిరి వదిలెయ్యల."

బుధవారం ఉదయం గిన్నెను వెచ్చని పెట్టెలో పెట్టాం. తెర మీద కణాలు కనిపించాయి. కేంద్రకాలు నల్లగా, చుట్టూ కణద్రవ్యం పచ్చగా. అలాగే ఉండాలి. బయటికి వచ్చేది వస్తూనే ఉంది. తొమ్మిదీ పదికి మందు వేశాను. నిమిషానికొక ఫోటో. అరగంటలో నల్లని చోటు పచ్చబడటం మొదలవ్వాలి.

తొమ్మిదీ నలభై. ఏమీ లేదు. లేచి తలుపుదాకా వెళ్ళి వచ్చాను. మళ్ళీ వెళ్ళాను.

"అబ్బయా, కూచో. నువ్వు నడిస్తే బొమ్మ వణకతా ఉండాది."

నిజమే. నా ఒక్కో అడుగుకీ తెర మీద కణాలన్నీ కలిసి ఉలిక్కిపడుతున్నాయి. కూర్చున్నాను. మోకాలు ఊపాను. ఆయన వేలితో నా మోకాలు చూపించారు. అదీ ఆపాను.

పదీ నలభై. గంటన్నర. కేంద్రకాలు ఎంత నల్లగా మొదలయ్యాయో అంత నల్లగానే ఉన్నాయి. ఒక్కటి, కనీసం ఒక్కటి కూడా నిండలేదు. అంటే నా ప్రోటీనుకు ఎక్స్‌పోర్టిన్‌తో పనే లేదు. అంటే మా పేపరు అబద్ధం. నా పరిశోధనకు గైడు, మా మేడమ్, హైదరాబాదునుంచి "ఏమైంది?" అని మెసేజి పెట్టారు. "ఇంకా చూస్తున్నాం మేడమ్" అని జవాబిచ్చాను. చూడటానికి ఏమీ మిగల్లేదు.

టి. నగర్

నేను దిగింది షోళింగనల్లూరులో, ఇంజనీరింగులో నా రూమ్మేటు ఫణి ఫ్లాటులో. గుంటూరువాడే. ఎనిమిదేళ్ళుగా అక్కడే సాఫ్ట్‌వేరు ఉద్యోగం. తమిళం మూడు ముక్కలు వచ్చు, అందులో రెండు ఆటోవాళ్ళతో గొడవకు. ఏ హోటలుకు వెళ్ళినా చొక్కా జేబులోంచి కారప్పొడి పొట్లం తీస్తాడు. బుధవారం సాయంత్రం నేను బాల్కనీలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక, వాళ్ళక్కకు చీర కొనాలని టి. నగర్ లాక్కుపోయాడు.

ఆ చీరల కొట్టులో జనం గురించి ఎవరు చెప్పినా నమ్మకండి, వెళ్ళి చూడాల్సిందే. మూడో అంతస్తులో ఫణి నాలుగు చీరలు విప్పించి, నన్ను రంగు అడిగాడు. అన్నీ ఆకుపచ్చగానే కనిపించాయి.

"అసలు నీ బాధేంట్రా? మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పు."

కొట్టునే చూపించాను. "ఆ పిల్లలు చూడు, తాడు కిందనుంచి దూరి బయటికి పోతున్నారు. వాళ్ళను ఎవరూ ఆపరు. చీరల మూట అలా పోదు. కొట్టు మనిషి భుజాన వేసుకుని గేటుదాకా తెస్తాడు. గేటులో బిల్లు చింపుతారు, మూట నీ చేతికిస్తారు, వాడు వట్టి చేతుల్తో మళ్ళీ మెట్లెక్కుతాడు. కేంద్రకం కూడా ఇంతే. నా ప్రోటీను ఆ మూట. మోసేది ఎక్స్‌పోర్టిన్ అని మేం రాశాం. ఇవాళ ఎక్స్‌పోర్టిన్ చేతులు కట్టేశాం. అయినా మూట బయటికి వచ్చేస్తోంది."

"నాలుగేళ్ళు కొట్టు గేటు దగ్గర నిలబడి ఇదా నువ్వు చూసింది?"

"అవును."

"మీ అమ్మేమో వాడు మందులు కనిపెడుతున్నాడని ఊరంతా చెబుతోంది!" నవ్వాడు. తరవాత చీర మడత సవరిస్తూ మామూలుగా అన్నాడు. "చేతులు కట్టేశామని నీకెలా తెలుసు?"

"మందు వేశాం కదరా."

"మందు పనిచేసిందని ఎలా తెలుసు? మా ఆఫీసులో సిస్టమ్ ఆన్ కాకపోతే ముందు ప్లగ్గు చూస్తాం మామా. మదర్‌బోర్డు తరవాత."

నేను ఆ మూడో అంతస్తులో, చీరల మధ్య, ఫోను తీసి నా జాబితా మొదటినుంచీ చదివాను. నలభై మూడు వస్తువులు. దారం, బ్లేడు, పెన్నులు, రెండో పెన్ను. కంట్రోల్ లేదు. కంట్రోల్ అంటే జవాబు ముందే తెలిసిన ప్రయోగం. ఎక్స్‌పోర్టినే మోస్తుందని లోకమంతా ఒప్పుకున్న ప్రోటీను ఒకటి పక్క గిన్నెలో ఉంచాలి. మందు బాగుంటే అది నిండాలి. అదీ నిండకపోతే తప్పు మందుది. బియస్సీ మొదటి ఏడాది పిల్లలకు నేనే చెబుతాను ఈ పాఠం. జవాబు నాకు ముందే తెలుసన్న ధీమాతో దాన్ని జాబితాలోనే రాయలేదు.

ఫణి చివరికి నీలం చీర కొన్నాడు. బయట మిరపకాయ బజ్జీలు తిన్నాం, ప్లేటు నలభై. మిరపకాయలో కారం లేదు. వాడు జేబులోంచి పొట్లం తీశాడు.

గురువారం ఉదయం

పొద్దున్నే దామోదరం గారికి చెప్పాను. తిడతారనుకున్నాను.

"నిన్ననే అడగాల్సింది నేను. నీ మొకం చూసి ఊరుకున్నా," అని పై అంతస్తుకు ఫోను చేసి తమిళంలో ఏదో అన్నారు. పది నిమిషాల్లో మలర్ అనే విద్యార్థిని ఒక గిన్నె పట్టుకుని వచ్చింది. ఆమె కణాల్లో ఉన్నది సరిగ్గా నాకు కావలసిన ప్రోటీనే. జవాబు ముందే తెలిసినది. నవ్వుతూ ఇంగ్లీషులో అంది, ఇవి నా పిల్లలు, జాగ్రత్తగా చూసుకోండి అని.

నా మందు వాటికి వేశాం. అరగంట. గంట. ఒక్క కేంద్రకమూ నిండలేదు. మోకాలు ఊపకుండా కూర్చోవడం నాకు అప్పటికి అలవాటైంది, ఈసారి అవసరం లేకపోయింది. ఊరికే ఊపిరి వచ్చింది. చచ్చింది మందే.

మలర్ ఫ్లాస్కులోంచి నా ట్యూబు తీసి వెలుతురులో పెట్టి చూసింది. తమిళంలో దామోదరం గారితో ఒక్క మాట అంది. ఆయన కణతలు రుద్దుకున్నారు.

"ఈ మందు గాజు సీసాలో కదా వస్తాది? దీన్లోకి ఎవురు మార్చింది?"

"నేనే సార్."

"ఎందుకు పా?"

"రైల్లో గాజు పగులుతుందేమోనని."

"ఇది ప్లాస్టిక్ గోడకి అంటకపోతాదయ్యా. నీళ్ళు నీళ్ళుగా మిగలతయ్యి, మందంతా గోడనుండాది. సీసాతో చీటీ వచ్చుంటాది, సదవలేదా?"

చీటీ చదివాను. రెండేళ్ళ కిందట. ఇప్పుడు జాబితా తీసి చూస్తే పదిహేడో వరుసలో నా చేతిరాతే ఉంది: మందు, గాజు పగలవచ్చు, ప్లాస్టిక్ ట్యూబులోకి మార్చు. పక్కన టిక్కు. టిక్కు కింద గీత.

ఇక మిగిలింది శుక్రవారం ఉదయం ఒక్కటే. కొత్త సీసా తెప్పించాలంటే పది రోజులు. మలర్ దగ్గర ఆ మందు అయిపోయింది. ఆమె సీనియరు ఒకాయన అంబత్తూరులో కణపరీక్షల కిట్లు తయారుచేసే చిన్న కంపెనీలో ఉన్నాడు, వాళ్ళ దగ్గర ఉంటుందంది. ఫోను చేస్తే ఉందన్నాడు. ఒకటి స్టోర్సులో పెట్టించి వెళ్తున్నాను, నాకు బయట పనుంది, వచ్చి తీసుకోండి అన్నాడు.

అంబత్తూరు

గిండీనుంచి పార్కు స్టేషను, అక్కడ రోడ్డు దాటి సెంట్రల్, అక్కడనుంచి తిరువళ్ళూరు వైపు పోయే లోకల్ రైలు. పది రూపాయల టికెట్టు. హైదరాబాదు మెట్రోలో ఇంత దూరానికి అయిదింతలు. తలుపులు వేయరు, వాటిలో వేలాడే కుర్రాళ్ళు ప్రతి స్టేషనుకీ రైలు ఆగకముందే దిగుతారు. నేను ఆగాకే దిగి, పరుగెత్తాను. షేరాటోలో తొమ్మిది మందిమి. అంబత్తూరు ఇండస్ట్రియల్ ఎస్టేటులో ప్రతి షెడ్డులోంచీ ఇనుము కోస్తున్న చప్పుడు, వేడెక్కిన నూనె వాసన. ఆ కిట్ల కంపెనీ గేటు చేరేసరికి ఒంటిగంట.

గేటు కిటికీలో స్టోర్సు మనిషి మునిరత్నం గారు. తిరుత్తణి వైపు తెలుగాయన. నా ముందే గాజు సీసా ఐసుడబ్బాతో సహా బల్ల మీద పెట్టారు. నా చేతికి మూరెడు దూరం. ఇవ్వలేదు.

"అవుట్ పాసు కావల సార్."

"ఒక్క చుక్కేనండీ అందులో ఉన్నది."

"చుక్కైనా డ్రమ్మైనా ఈ గేటులో ఒకటే. ఎనక్కి రాని సరుకుకి మేనేజరు సంతకం కావల. ఆయన బ్యాంకుకి పొయ్యుండాడు."

"ఎప్పుడొస్తారు?"

"వచ్చినప్పుడు."

రోడ్డు దాటి చెట్టు నీడకు వెళ్ళాను. మళ్ళీ గేటుకు వచ్చాను. పన్నెండుసార్లు రోడ్డు దాటాను. లెక్కపెట్టడం ఆపలేకపోయాను. బయటికి పోయేవాటిని ఆపే మందు, తనే బయటికి రాలేక బల్ల మీద కూర్చుంది. నవ్వు రావలసింది, రాలేదు. ఐసుడబ్బా చెమర్చడం చూస్తే భయమేసింది. మూల మీద జ్యూసు బండి దగ్గర ఐసు కొని, చేతి సైగలతో ఉప్పు కూడా అడిగాను. ఐసులో ఉప్పు కలిపితే ఇంకా చల్లబడుతుంది. బండి ఆయన జ్యూసులో వేస్తానేమోననుకుని, వద్దు వద్దు అని తల అడ్డంగా ఊపి, ఉప్పుకు బదులు రెండు చెంచాల పంచదార వేయబోయాడు. బతిమాలి ఉప్పే తెచ్చుకున్నాను. మునిరత్నం గారు కిటికీలోంచి ఆ మంచు తీసుకుని సీసా చుట్టూ తనే పేర్చారు. మనిషి మంచివాడే. పాసే మంచిది కాదు.

రెండున్నరకు దామోదరం గారికి ఫోను చేశాను.

"ఆయనకియ్యి ఫోను."

మునిరత్నం గారు విన్నారు. రెండుసార్లు "సెరి" అన్నారు, ఒకసారి పకపకా నవ్వారు. ఫోను తిరిగిచ్చి, పచ్చ కాగితాల పుస్తకం పక్కన పెట్టి పసుప్పచ్చ పుస్తకం తీశారు.

"ఎనక్కి వచ్చే సరుకైతే మేనేజరు అక్కర్లా, నా సంతకం చాలు. సీసా ఎనక్కి తెస్తారా సార్?"

"సీసా తెస్తానండీ. మందు మాత్రం..."

"నేను మందు అడిగానా?" అని రాశారు: గాజు సీసా, ఒకటి, వెనక్కి వచ్చేది. "రేపు సాయంత్రంలోగా సీసా ఈ బల్ల మీదుండాల. లేకపోతే మీ సారుని అడగతా."

గేటు దగ్గర కాపలావాడు కాగితం అడ్డంగా చింపి సగం నాకిచ్చాడు. (శుక్రవారం సాయంత్రం అయిదింటికి సీసా కడిగి తీసుకెళ్ళి ఇచ్చాను. మునిరత్నం గారు టీ ఇప్పించారు.)

తిరుగు రైల్లో ఆ డబ్బా ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఉంచి, నిలబడ్డ ముసలివాళ్ళకు కూడా సీటు ఇవ్వకుండా కూర్చున్నాను. సిగ్గేసింది. అయినా లేవలేదు.

శుక్రవారం

రెండు గిన్నెలు పక్కపక్కన. ఎడమది మలర్ కణాలు, కుడిది నావి. యంత్రం నిమిషానికొకసారి రెంటినీ చూసి వస్తుంది. ఎనిమిదీ యాభైకి రెంటికీ ఒకే సీసాలో మందు, ఒకే కొలత.

ఇరవై నిమిషాలకు మలర్ కణాల్లో మార్పు మొదలైంది. నల్లని గుండ్రాల అంచులు ముందు మసకబారాయి. తరవాత దీపం వత్తి పెంచినట్టు లోపలినుంచి పచ్చబడ్డాయి. అరగంటకు అన్నీ. ఒక్కటి మిగలకుండా అన్నీ. మలర్ వెనకనుంచి చప్పట్లు కొట్టబోయి, బొమ్మ వణుకుతుందని ఆపుకుంది.

మందు బాగుంది. ఇప్పుడు నావి.

పై వరసలో ఒకటి నిండింది. దాని పక్కది. కుడి మూలన ఆరేడు కలిసి ఒక్కసారిగా నిండాయి, అచ్చం నా నాలుగో బొమ్మలోలాగా. నాకు కళ్ళు చెమర్చాయంటే నమ్మండి. నాలుగేళ్ళు. తెర మధ్యలో మాత్రం కొన్ని నల్లగా ఉన్నాయి. ఆలస్యమేమో. గంటయింది. నల్లగానే ఉన్నాయి.

నా చెయ్యి గిన్నెను జరిపే కడ్డీ మీదికి వెళ్ళింది. కొంచెం కుడికి జరిపితే చాలు. నిండినవి ఎక్కువగా ఆ మూలనే ఉన్నాయి. ఇప్పటిదాకా తీసినదాంట్లో ఆ మూల ఒక్కటే కత్తిరించి, ఇంకో గంట అక్కడే తీసి అతికిస్తే అందమైన సినిమా వస్తుంది. పరిశీలకుడు అడిగింది అదే.

"ఆడికెందుకు జరపతా ఉండావు?"

"అక్కడ బాగా కనిపిస్తున్నాయి సార్."

"ఈడుండేవి ఎవురివి? నీయి కావా?"

తిట్టినట్టు అనలేదు. నిజంగా తెలుసుకోవడానికి అడిగినట్టే అడిగారు. నేను చెయ్యి తీసేశాను.

లెక్కపెట్టాను. తెర మీద ఇరవై మూడు కణాలు. నిండినవి పద్నాలుగు. నిండనివి తొమ్మిది. ఒకే గిన్నె, ఒకే ద్రవం, ఒకే మందు. పక్క గిన్నెలో ఒక్కటీ తప్పించుకోలేదు. అందలేదు అనడానికి వీల్లేదు. ఆ తొమ్మిదింటిలో నా ప్రోటీను, ఎక్స్‌పోర్టిన్ చేతులు కట్టేసి ఉన్నా, బయటికి వచ్చేస్తూనే ఉంది. ఎవరో మోస్తున్నారు. మేం రాసిన పేరు మాత్రం కాదు.

వరండాలోకి వచ్చి మేడమ్‌కు ఫోను చేశాను. ముందు సినిమా సంగతి చెప్పాను. మందు సంగతి, ప్లాస్టిక్ ట్యూబు సంగతి చెప్పాను. ఆవిడ "ఊఁ" అంటూ విన్నారు. తరవాత నాలుగో బొమ్మ సంగతి చెప్పాను. అది చెబుతున్నంతసేపూ "ఊఁ" రాలేదు.

"పదకొండు," అన్నారు చివరికి. "ఎన్నిట్లోంచి?"

"నూటికి పైగా మేడమ్."

"మిగతా ఫోటోలు ఉన్నాయా?"

"ఉన్నాయి. ఏవీ చెరపలేదు."

"చెరపలేదు గాని చూపించలేదు."

"అవును మేడమ్."

వరండా కింద ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు. నాలుగు కిక్కులకు గాని అందుకోలేదు.

"ఆ బొమ్మ కింద నా పేరు కూడా ఉంది. తెలుసా నీకు?"

"తెలుసు మేడమ్."

"నాలుగో బొమ్మ తీసేస్తున్నాం. ఎడిటర్‌కు నేను ఇవాళే రాస్తాను, ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు. సోమవారం పోయింది. వాళ్ళు ఇంకో గడువిస్తే ఇచ్చినట్టు, లేకపోతే మొదటినుంచి. నీ థీసిస్ ఈ ఏడాది అవదు."

"అలాగే మేడమ్."

చెప్పవలసినవి అయిపోయాయి. ఫోను పెట్టేయలేదు ఆవిడ. నేనూ పెట్టలేదు.

"మేడమ్, కోపంగా ఉందా?"

"చాలా. అది హైదరాబాదు వచ్చాక. ఆ తొమ్మిదీ ఇంకా బతికే ఉన్నాయా?"

"ఉన్నాయి. పెట్టెలోనే ఉన్నాయి."

"మీ టైము ఎంతుంది?"

వాచీ చూశాను. "నలభై నిమిషాలు."

"మరి నాతో ఫోనులో ఏం చేస్తున్నావయ్యా?"